ఆ ఇద్దరిలో ఒకరు

కోర్టు నుంచి కవరు వచ్చేసరికి గ్లెనిస్ సోవర్‌బీ చేతులు మోచేతుల దాకా చేపల పొలుసుతో ఉన్నాయి. అందుకని కవరు చించి చదివింది ఆడపడుచు మావిస్. థార్న్‌సీ మార్కెట్ హాల్లో ఆ చేపల దుకాణం వాళ్ళిద్దరిదీ.

"జ్యూరీకి రమ్మంటున్నారు వదినా నిన్ను. రెండు వారాలట," అంది మావిస్. "ఆ ముద్దాయి ఎవడో గానీ పాపం, వాడికి దేవుడే దిక్కు."

"ఏం, నేనేం చేశానే?"

"పీత తేలిగ్గా ఉందేంటమ్మా అని అడిగినవాళ్ళని నువ్వు చూసే చూపుకి, ఎవడైనా చెయ్యని నేరం కూడా ఒప్పేసుకుంటాడు."

గ్లెనిస్ పకపకా నవ్వి, తడిచేతుల్తోనే ఆమె వీపు మీద ఒక్కటిచ్చింది.

ఆమెకప్పుడు యాభైఎనిమిదేళ్ళు. భర్త డెరిక్ పోయి నాలుగేళ్ళయింది. ఊరి బ్యాండు మేళాన్ని ఇరవైఆరేళ్ళు నడిపించినవాడు డెరిక్. అతణ్ణి సాగనంపిన రోజున చర్చిలో చోటు చాలక జనం బయట వానలో నిలబడ్డారు. ముగ్గురు లేచి మాట్లాడారు. ముగ్గురూ ఒకటే మాట, ఇంత మంచివాణ్ణి మళ్ళీ చూడం అని. ఆ తరువాత చర్చి పక్క హాల్లో టీలూ శాండ్‌విచ్‌లూ అందిస్తుండగా నల్లకోటు వేసుకున్న ఒకావిడ ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని లోపలికొచ్చింది. పెద్దపిల్లాడి గడ్డం అచ్చం డెరిక్ గడ్డమే. పక్క పట్నంలో బ్యాండు సాధన ఉందని పదహారేళ్ళు ప్రతి గురువారం అతను వెళ్ళింది ఆ ఇంటికేనని తెలియడానికి ఇంకెవరూ నోరు విప్పనక్కర్లేకపోయింది. గ్లెనిస్ గొడవ చెయ్యలేదు. ఆవిడకి టీ పోసింది. పాలు కలపమంటారా అని కూడా అడిగింది. కానీ ఆ రోజు నుంచీ ఎవరైనా ఎవరినైనా మంచివాడు అంటే చాలు, ఆమె గొంతులో చేదు తిరిగేది. సొంత చెల్లెలైన మావిస్ కూడా మరి దుకాణంలో అన్న పేరెత్తేది కాదు.

క్రౌన్ కోర్టు ఉన్నది బస్సులో నలభై నిమిషాల దూరంలో. వెళ్ళిన మూడో రోజున చీటీల్లో గ్లెనిస్ పేరు వచ్చింది. పన్నెండుమందిలో ముందు వరస, చివరి కుర్చీ ఆమెది.

ముద్దాయి పేరు సెడ్రిక్ మాల్ట్‌బీ. అరవైరెండేళ్ళవాడు. విల్లో లేన్ అనే చోట రైల్వే గేట్‌మన్. మిగతా గేట్లన్నీ ఎక్కడో దూరాన గదిలో కూర్చుని మీట నొక్కితే పడేవి అయిపోయినా, ఆ లైను మీద ఒకటి రెండు మాత్రం ఇంకా మనిషి వచ్చి తోసి వేసేవి మిగిలాయి. అందులో ఒకదాన్ని అతను ముప్ఫైఒక్క ఏళ్ళుగా వేస్తున్నాడు, తీస్తున్నాడు. గేటు పక్కన రైల్వేవాళ్ళిచ్చిన ఇంట్లోనే కాపురం. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు.

కేసు చిన్నదే. నవంబరులో ఒక సాయంత్రం రైలు వేళకి గేటు వేసి ఉంది. ఇంటి కప్పులు వేసే పనివాడు కీరన్ స్టబ్స్ అనేవాడు స్నేహితుడి కారులో వచ్చి, తాగిన మత్తులో ఆగలేక కారు దిగి, గేట్‌మన్‌ని నానా తిట్లూ తిట్టి, పక్కనున్న చిన్న గేటెక్కాడు. అక్కడి నుంచి కింద పడ్డాడు. సిమెంటు దిమ్మకి తల తగిలి పుర్రె చిట్లింది. ఒక చెవికి వినికిడి పోయింది. గేట్‌మన్ కోపం పట్టలేక తోసేశాడని కీరన్ అన్నాడు. కారులో కూర్చుని ఉన్న స్నేహితుడు డీన్ లోథర్ కూడా కళ్ళారా చూశానని అదే అన్నాడు.

సెడ్రిక్ తను తొయ్యలేదన్నాడు. రైలు వచ్చేస్తోంది, మనిషి పట్టాల వైపు దూకబోతున్నాడు, కోటు పట్టుకుని వెనక్కి లాగాను, అతను చెయ్యి విసిరి జారి పడ్డాడు అన్నాడు. అంతా బాగానే ఉండేది కానీ, మొదటిరోజు పోలీసులతో అతను చెప్పింది అది కాదు. అసలు ఆ మనిషిని నేను ముట్టుకోనేలేదు అన్నాడు. రెండు రోజుల తరువాత గేటు దగ్గర అతను కూర్చునే గదిలో, బల్లకింద, కీరన్ కోటు నుంచి ఊడిన బొత్తాం దొరికింది. అప్పుడు మాట మార్చాడు.

"ఎందుకు అబద్ధం చెప్పారు?" అని అడిగాడు ప్రభుత్వం తరఫు లాయరు.

సెడ్రిక్ బోనులో నిలబడి కాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. "దారినపోయేవాళ్ళ ఒంటిమీద చెయ్యి వెయ్యకూడదండీ మాకు. రూలు. ఎవరైనా లోపలికొస్తే ఫోను చేసి రైలాపించాలి. ఆపించడానికి టైము లేదు. చెయ్యి వేశానంటే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటే ఇల్లూ పోతుంది. అందుకని చెప్పాను. ఆ ఒక్కటే అబద్ధమండీ నేనాడింది."

"ఆ ఒక్కటే అని మేమెలా నమ్మాలి?"

"ఎలా నమ్మాలో నాకేం తెలుసండీ," అన్నాడు సెడ్రిక్. "నేను చెప్పగలిగింది చెప్పాను."

అతని తరఫున ఇద్దరొచ్చి అతనెలాంటి మనిషో చెప్పారు. ఒకామె ఊరి బడి పంతులమ్మ. ఇరవైరెండేళ్ళుగా తన పిల్లల్ని పొద్దునా సాయంత్రం చెయ్యి పట్టుకుని పట్టాలు దాటించాడని, గట్టిగా ఒక్క కసురు కసరడం ఎరగనని చెప్పింది. ఇంకొకాయన రిటైరైన రైలు డ్రైవరు. "మంచివాడండీ. అంతే. ఇంకేం చెప్పను?" అన్నాడు. ఆ మాట వినగానే గ్లెనిస్ చూపు కిటికీ వైపు తిప్పుకుంది.

చివరి రోజు శుక్రవారం. జడ్జిగారు ఒకావిడ, గొంతు పలచన. జ్యూరీకి చెప్పవలసినవన్నీ కాగితం మీద రాయించి, పన్నెండుమందికీ తలా ఒక ప్రతి ఇప్పించి, తనూ చదివింది. మనుషులు నేరం చేసినందుకే కాక భయంతోనూ అబద్ధం ఆడతారని, కనక మొదటి అబద్ధం ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పకూడదని అంది. తరువాత పేజీ తిప్పింది.

"మాల్ట్‌బీ గారికి అరవైరెండేళ్ళు. ఇన్నేళ్ళలో ఆయన మీద ఒక్క కేసు లేదు. పోలీసులు మందలించి వదిలెయ్యడం కూడా ఎప్పుడూ జరగలేదు. మంచి నడవడి ఉంది కాబట్టి నేరం చేసి ఉండరని కాదు. ఎంత మంచి పేరున్నవాళ్ళయినా మొదటిసారి తప్పు చెయ్యవచ్చు. అయినా మీరు దాన్ని ఆయనకి అనుకూలంగా రెండు విధాల చూడాలి. ఆయన ప్రమాణం చేసి మీ ముందు మాట్లాడారు కనక, ఆ మాట నమ్మాలా వద్దా అనుకునేటప్పుడు ఒకటి. ఇన్నేళ్ళు ఎవరి మీదా చెయ్యి చేసుకోని మనిషి ఆ సాయంత్రం చేసుకుని ఉంటాడా అనుకునేటప్పుడు రెండు. దానికి ఎంత బరువు ఇస్తారన్నది మీ చేతుల్లో ఉంది."

గదిలోకి వెళ్ళి తలుపు మూసుకున్నాక ముందు టీ పెట్టుకున్నారు. పెద్దగా వ్యవహరించడానికి ఇళ్ళు అమ్మిపెట్టే గ్రహమ్‌ని ఎన్నుకున్నారు. అతను మొదట ఊరికే చేతులెత్తించి చూశాడు. నేరం చేశాడన్నవాళ్ళు ఆరుగురు, లేదన్నవాళ్ళు నలుగురు, తేల్చుకోలేనివాళ్ళు ఇద్దరు. గ్లెనిస్ చెయ్యి ఆ ఆరింటిలో ఉంది.

లేదన్నవాళ్ళలో రుబీనా అని, మందుల షాపులో పనిచేసే పాతికేళ్ళ పిల్ల ఒకతె. ఆమె కాగితం తీసి ఆ పేజీ పైకి చదివింది. చదవడమయ్యాక, "చూడవచ్చు అనలేదు, చూడాలి అంది జడ్జిగారు. అంటే అది మన ఇష్టం కాదు," అంది.

"బరువెంతో మన ఇష్టమేగా?" అన్నాడు ఎవరో.

"బరువంటూ కాస్తయినా ఉండాలి కదండీ. మనం తక్కెట్లోనే వెయ్యడం లేదు."

పక్కన విల్ఫ్ అనే ముసలాయన, పూర్వం పోస్ట్‌మన్, బిస్కెట్టు టీలో ముంచుతూ అన్నాడు: "నలభైఏళ్ళు ఉత్తరాలు పంచాను. ఏ గుమ్మంలో ఎలాంటి మనిషున్నాడో కుక్కకి తెలిసినంత తెలుసు నాకు. ఈయన తోసే మనిషి కాదు."

అప్పుడు గ్లెనిస్ మాట్లాడింది. మాట్లాడదామని అనుకోలేదు, నోటంట వచ్చేసింది.

"మంచి పేరంటే ఏంటండీ? ఇంకా దొరకలేదని. అంతేగా?" అంది. "మా ఆయనకీ ఉండేది మంచి పేరు. పోయిన రోజున చర్చి పట్టలేదు జనం. పదహారేళ్ళు ఇంకో ఇల్లు నడిపాడు, ఇద్దరు పిల్లల్తో సహా. ఆయన గురించి సాక్ష్యం చెప్పమంటే మా ఊరు ఊరంతా వచ్చి చెప్పేది. నేనూ చెప్పేదాన్ని, బైబిలు మీద చెయ్యేసి మరీ. ఈ పంతులమ్మకేం తెలుసు? ఆ డ్రైవరుకేం తెలుసు? పోలీసుల ముందు ముట్టుకోలేదన్నాడు. బొత్తాం దొరికాక ముట్టుకున్నానన్నాడు. బొత్తాం దొరక్కపోతే?"

తేల్చుకోలేని ఇద్దరిలో ఒకావిడ చెయ్యి చాచి గ్లెనిస్ చెయ్యి పట్టుకుంది. "అయ్యో తల్లీ," అంది. ఆ స్పర్శకి గ్లెనిస్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుగేళ్ళలో ఆ సంగతి ఆమె పైకి అనడం అదే మొదలు. ఎదురుగా పదకొండుమంది తనని నమ్మి, జాలిపడి చూస్తుంటే ఏదో తీరినట్టు అనిపించింది.

మధ్యాహ్నం మూడింటికి నేరం చేశాడన్నవాళ్ళు పదిమందయ్యారు. రుబీనా, విల్ఫ్ ఇద్దరే మిగిలారు.

"మీరు శిక్ష వేస్తున్నది ఎవరికండీ?" అని అడిగింది రుబీనా, మెల్లిగానే.

"నీకు పెళ్ళయిందా అమ్మాయ్?" అంది గ్లెనిస్. "అయ్యాక చెప్పు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. రుబీనా తల దించుకుంది.

జడ్జిగారు వాళ్ళని పిలిపించి, పన్నెండుమందీ ఒక్కమాట మీదికి రాలేకపోతే పదిమంది కలిసినా తీర్పు పుచ్చుకుంటానంది. తొమ్మిది మాత్రం చాలదు. మళ్ళీ గదిలోకొచ్చారు. గ్రహమ్ గడియారం చూసుకున్నాడు. శుక్రవారం, ఐదున్నర బస్సు దాటితే మళ్ళీ ఏడింటికి గానీ లేదు. "ఆఖరిసారి ఎత్తండి," అన్నాడు.

గ్లెనిస్ చెయ్యెత్తింది. ఎత్తాక ఎందుకో సెడ్రిక్ తన చేతుల వంక చూసుకోవడం గుర్తొచ్చింది. అబద్ధమాడేవాడు ఎదుటివాడి కళ్ళలోకి చూస్తాడు. డెరిక్ ఎప్పుడూ కళ్ళలోకి చూసే మాట్లాడేవాడు. ఈయన చూడలేదు. ఆ ఆలోచన అలా వచ్చి నిలబడింది. గ్రహమ్ అటు చివర నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తున్నాడు. ఇప్పుడు చెయ్యి దించితే తొమ్మిది. దించి ఏమని చెప్పాలి? అంత మాట్లాడి, అందరిచేతా కళ్ళనీళ్ళు పెట్టించి, ఇప్పుడు కాదంటే ఏమనుకుంటారు? గ్రహమ్ పెన్సిలు ఆమె దాకా వచ్చింది. "పది," అన్నాడు.

కోర్టులో గ్రహమ్ లేచి, నేరం రుజువైంది, పదిమంది ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు అని చెప్పాడు. సెడ్రిక్ కేకలు పెట్టలేదు, ఏడవలేదు. జ్యూరీ రెండు వరసలూ ఒక చివరి నుంచి ఇంకో చివరికి, ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ పోయాడు. గ్లెనిస్ దగ్గర అతని చూపు ఆగినట్టనిపించింది. ఆమె ఒళ్ళోని బ్యాగు సర్దుకుంది. లోపల మాట్లాడుకున్నది బయట ఎవరికీ, ఎప్పటికీ చెప్పకూడదని, చెబితే అది నేరమని జడ్జిగారు గుర్తుచేసి పంపించింది. మరో నెలకి ఇరవై నెలల శిక్ష వేశారని తెలిసింది.

"ఏం కేసు వదినా?" అని మావిస్ ఎన్నోసార్లు అడిగింది.

"చెప్పకూడదు," అనేది గ్లెనిస్.

"నాక్కూడానా?"

"నీకసలే చెప్పకూడదు."

రెండేళ్ళు గడిచాయి. ఒక గురువారం పొద్దున మావిస్ టీ తాగుతూ ఊరి పేపరు పైకి చదువుతోంది. డీన్ లోథర్ అనేవాడు తాగుడు మానేశాట్ట. మానేశాక మనసు ఊరుకోక లాయరు దగ్గరికెళ్ళి నిజం చెప్పాట్ట. గేట్‌మన్ తొయ్యలేదు, కోటు పట్టుకుని వెనక్కి లాగాడు, కీరనే చెయ్యి విసిరి పడ్డాడు, పరిహారం వస్తుందని తోసినట్టు చెప్పమని ఆసుపత్రి మంచం మీంచి తనని బతిమాలాడు అని. పై కోర్టువాళ్ళు శిక్ష కొట్టేశారట.

"కొట్టేసి ఏం లాభం? ఆయన శిక్షలో సగం, పది నెలలు, లోపలుండి వచ్చేశాడుగా అప్పటికే," అంది మావిస్. "ఇల్లు కూడా పోయిందట పాపం. ఆ గేటూ లేదు, మీట నొక్కితే పడేవి పెట్టేశారట. ప్రాణం కాపాడినవాణ్ణి జైల్లో పెట్టారు! ఆ జ్యూరీలో కూర్చున్న గాడిదలెవరో గానీ..."

గ్లెనిస్ చేతిలోని కత్తి బల్ల మీద పెట్టింది. "కాస్త గాలికి వెళ్ళొస్తాను," అంది.

బయట మెట్ల మీద కూర్చుంది. ఎవరికైనా చెప్పాలని గొంతు దాకా వచ్చింది, చట్టం ఒప్పుకోదు. చట్టం ఒప్పుకోదన్న ఆలోచన రాగానే గుండెల్లో భారం కాస్త తేలికైంది. ఆ తేలికకే ఎక్కువ సిగ్గేసింది ఆమెకి.

ఆ వారంలోనే రుబీనా పనిచేసే మందుల షాపుకి వెళ్ళింది. బ్లడ్‌ప్రెషర్ మాత్రలు ఇంటి దగ్గర కొట్లోనే దొరుకుతాయి. అయినా రెండు వీధులు దాటి వెళ్ళింది. రుబీనా ఆమెని చూసి గుర్తుపట్టి, మాత్రల డబ్బా సంచిలో పెట్టి, సంచి ఇవ్వకుండా కాసేపు అలాగే పట్టుకుంది.

"పేపరు చూశారా?" అంది.

"చూశాను."

"నేను ఇంకాస్త గట్టిగా మాట్లాడి ఉండాల్సిందండీ ఆ రోజు. మీరు పెళ్ళి మాటెత్తి నలుగురూ నవ్వేసరికి నోరు పెగల్లేదు. మూగదాన్నైపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే అసహ్యమేస్తుంది."

తిడుతుందని వెళ్ళింది గ్లెనిస్. తిడితే బాగుండేది. "నీ తప్పేముందమ్మా," అనబోయింది, ఆ మాట అనే అర్హత తనకెక్కడిదనిపించి, సంచి తీసుకుని వచ్చేసింది.

వేసవి మొదట్లో ఒక శుక్రవారం దుకాణం ముందు గోధుమరంగు కోటు వేసుకున్న మనిషి నిలబడ్డాడు. "ఒక చిన్న హాడక్ ముక్కమ్మా. తోక వైపుది," అన్నాడు. గ్లెనిస్ తలెత్తి చూసింది. సెడ్రిక్ మాల్ట్‌బీ. సన్నబడ్డాడు. థార్న్‌సీలోనే ఎవరింట్లోనో ఒక గది అద్దెకి తీసుకున్నాడని తరువాత తెలిసింది. అతను ఆమెని గుర్తుపట్టినట్టు కనిపించలేదు. తోక ముక్క అడిగితే ఆమె నడుము ముక్క కోసి, తోక ముక్క ధరకే కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఆ తరువాత ప్రతి శుక్రవారం వచ్చేవాడు. వాన గురించో, గాలి గురించో ఒక మాట. ఒకసారి ఎండబెట్టి పొగబెట్టిన హెర్రింగ్ చేప ఎలా వండాలో అడిగాడు. వంట కొత్తగా నేర్చుకుంటున్నానన్నాడు. ఆమె ప్రతిసారీ పెద్దముక్క వేసేది. వస్తే భయం, రాకపోతే ఏమయ్యాడోనని ఇంకో భయం. మావిస్ చూసి ఊరుకునే మనిషి కాదు. "ఏంటి వదినా, ఆ పెద్దాయనకి కొసరు మీద కొసరు? పెళ్ళికెప్పుడు పిలుస్తున్నావేంటి?" అంది. గ్లెనిస్ చూసిన చూపుకి మరి ఆ మాటెత్తలేదు.

సెప్టెంబరులో ఒకరోజు మావిస్ లేని వేళ వచ్చాడు. కాగితం పొట్లం అందుకోలేదు.

"ఇంక ఎక్కువ వెయ్యకండమ్మా," అన్నాడు. "ఎందుకు వేస్తున్నారో తెలుసు నాకు. మొదటిరోజే గుర్తుపట్టాను. ముందు వరస, ఈ చివర. నీలం స్వెటరు."

గ్లెనిస్ బల్ల అంచు పట్టుకుంది.

"భయపడకండి. గొడవపెట్టడానికి రాలేదు," అన్నాడు. "జ్యూరీ కావాలని అడిగింది నేనే, తెలుసా మీకు? చిన్న కోర్టులో ముగ్గురు మేజిస్ట్రేట్ల ముందు అయిపోయేది. శిక్ష పడినా తక్కువలో పోయేదని లాయరు చెప్పాడు. నేనే వద్దన్నాను. పన్నెండుమంది మామూలు మనుషులు, నాలాంటివాళ్ళు, నన్ను చూస్తే తెలియదా అనుకున్నాను. పిచ్చి నమ్మకం."

"మాల్ట్‌బీ గారూ..."

"మిమ్మల్ని ఒకటి అడగాలని. అడగకూడదని తెలుసు, మీరు చెప్పకూడదనీ తెలుసు. ఎవరేమన్నారన్నది అడగను." అతను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆ జడ్జిగారు నా గురించి ఒక పేజీ చదివింది చూశారూ. అరవైరెండేళ్ళు, మచ్చలేదు అని. అది చదువుతుంటే నేను కూర్చున్నచోట నాకు... మా ఆవిడ బతికుండి వింటే బాగుండేదనిపించింది. నా గురించి అంత ఇదిగా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. లోపల పది నెలలూ ఒకటే అనుకున్నాను. ఆ పేజీ అసలు తీసి చూశారా? లేక అలా పక్కన పడేసి చేతులెత్తేశారా? అది తెలియకే నిద్ర పట్టేది కాదు."

మార్కెట్ హాల్లో అవతల ఎవరో ఐసు దిమ్మ పగలగొడుతున్నారు. గ్లెనిస్‌కి ఆ గది, టీ కప్పులు, రుబీనా వేలు పెట్టి చదివిన వాక్యం, అన్నీ కళ్ళముందుకొచ్చాయి. ఆ వాక్యాన్ని తనేం చేసిందో అదీ గుర్తొచ్చింది.

"చదివామండీ," అంది. "పైకి చదివాం. చాలాసేపు మాట్లాడుకున్నాం దాని గురించే."

అది అబద్ధం కాదు. ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు.

సెడ్రిక్ చాలాసేపు తలాడిస్తూ ఉండిపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "చదివారా," అన్నాడు. "పోనీలెండి. చదివారు." ఆ తరువాత పొట్లం అందుకుని, "ఆ ఇద్దరిలో ఒకరు మీరేనని నాకు ఆ రోజే అనిపించిందమ్మా. తీర్పు చెబుతుంటే నా వంక చూడలేక తల దించుకున్నారు. మిగతావాళ్ళలో చాలామంది సూటిగానే చూశారు. మీ మొహం చూస్తేనే తెలుస్తుంది," అన్నాడు.

కాదని చెప్పాలి. పదో చెయ్యి నాదేనని, ఆ చెయ్యి దించి ఉంటే మీకా పది నెలలు లేవని, ఆ పేజీకి విలువ లేదని మిగతావాళ్ళకి నచ్చజెప్పింది నేనేనని చెప్పాలి. చెబితే తనకి తేలికవుతుంది. కానీ ఇన్నాళ్ళకి ఆయన మొహంలో కనిపించిన ఆ కాస్త నెమ్మదీ పోతుంది. ఆయన కోసమే ఊరుకుంటున్నానని ఆమె తనకి తను చెప్పుకుంది. చెప్పుకుంటూనే, పదహారేళ్ళు డెరిక్ కూడా ఇలాగే, నా కోసమేనని చెప్పుకుని ఉంటాడని తోచింది. అయినా నోరు విప్పలేదు.

"నేను చెప్పకూడదండీ," అని మాత్రం అంది.

"అవునవును. చెప్పకండి," అన్నాడు సెడ్రిక్, ఆమెని కాపాడుతున్నట్టు. ముక్క డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

వచ్చే శుక్రవారం చెప్పేద్దామనుకుంది. ఆ శుక్రవారం అతను ఎవరో ఇచ్చిన చిన్న పెరట్లో పండించిన ఉల్లికాడలు కట్టగట్టి తెచ్చి ఇచ్చాడు. ఆ పై శుక్రవారం మావిస్ పక్కనే ఉంది. ఆ పైవారం దుకాణం నిండా జనం. చెప్పకపోవడానికి ప్రతివారం ఒకటి దొరికింది.

మార్చిలో అతను ఒక నలభైఏళ్ళావిడని వెంటబెట్టుకుని వచ్చాడు. మేనకోడలట. ఉత్తరాన కొండల్లో ఉంటారట, ఇక తమ దగ్గరే ఉండమని తీసుకుపోతోందట.

"వెళ్ళేముందు ఒకసారి కనిపించి పోదామని," అన్నాడు సెడ్రిక్. మేనకోడలితో, "నేను చెప్పానే, ఈవిడే," అన్నాడు.

ఆవిడ బల్ల చుట్టూ తిరిగి లోపలికొచ్చి గ్లెనిస్‌ని గట్టిగా కావిలించుకుంది. "మా మావయ్య మాట నమ్మినవాళ్ళు ఉన్నారని తెలిసి ఎంత ఏడ్చానో. మీలాంటివాళ్ళు ఉండబట్టే ఆయన బతికి బట్టకట్టారు," అంది చెవిలో.

గ్లెనిస్ చేతులకి పొలుసు ఉంది. ఆవిడ కోటుకి అంటుకోకుండా చేతులు రెండూ దూరంగా పట్టుకుని నిలబడింది. ఆవిడ వదిలేదాకా అలాగే నిలబడింది.

వాళ్ళు తలుపు దాటాక మావిస్ అడిగింది. "ఎవరు వదినా వాళ్ళు? నువ్వేం చేశావేంటి వాళ్ళకి?"

"ఏం చెయ్యలేదు," అంది గ్లెనిస్, గొట్టం కింద చేతులు కడుక్కుంటూ. "ఆయన శుక్రవారాలు చేపలు కొనేవాడు."